పట్టపగలే ట్యూబ్‌లైటా? ముందు మీ గోడల సంగతి చూడండి

ప్రశ్న: నల్లకుంటలో ఓ పాత ఇంట్లో కింది పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. హాలు 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. పొడుగు గోడకు ఒకటే కిటికీ. అది తెరిస్తే నాలుగడుగుల సందు, ఆ వెంటనే పక్కింటి గోడ. వేసవిలో బిగించిన కూలర్ ఇంకా ఆ కిటికీలోనే ఉంది. బెడ్‌రూం 9×10. దాని కిటికీ వెనక వాష్ ఏరియాలోకి తెరుచుకుంటుంది, అక్కడ పైన ఆకుపచ్చ ఫైబర్ షీట్లు. వంటిల్లు 6×8, నల్ల గ్రానైట్ గట్టు. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా లైటు వేసుకోవాల్సిందే. మా అత్తయ్యకు 68 ఏళ్లు, పేపరు చదవడం కష్టంగా ఉందంటున్నారు. బాబు ఏడో తరగతి. రంగులు మీ ఖర్చుతో వేయించుకోమని ఓనర్ అన్నారు. పెయింటరేమో ఇల్లంతా తెల్లరంగు వేసి, ఫాల్స్ సీలింగ్ చేయించి, లైట్లు పెట్టిస్తే ఇల్లు మెరిసిపోతుందంటున్నాడు. ఇరవై వేలకు మించి పెట్టలేం. ఏం చేయమంటారు?
— ఓ పాఠకురాలు, నల్లకుంట

సమాధానం:

ఫాల్స్ సీలింగ్ వద్దు. రంగు వేయించండి, కానీ అది మొదటి పని కాదు. ఇల్లంతా ఒకే తెలుపూ వద్దు. మీరు చెప్పిన ఇరవై వేలు సరిపోతాయి. పైగా రావాల్సిన మార్పులో మంచి భాగం పైసా ఖర్చు లేకుండా, ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ పూనుకుంటే వచ్చేస్తుంది.

ఫాల్స్ సీలింగ్ ఎందుకు వద్దంటున్నామో ముందు చెబుతాం. పది అడుగుల ఎత్తున్న గదిలో అది తక్కువలో తక్కువ నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తు తినేస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. అందులో బిగించే చిన్న గుండ్రటి లైట్లు వెలుగును నిట్టనిలువుగా కిందికి పోస్తాయి. నేల, టీపాయ్ వెలుగుతాయి, గోడలు మాత్రం మసకగా మిగిలిపోతాయి. గది వెలుగుగా ఉందా, చీకటిగా ఉందా అన్నది మన కన్ను నేలను చూసి తేల్చుకోదు, ఎదురుగా నిలబడ్డ గోడల్ని చూసి తేల్చుకుంటుంది. నమ్మకం కుదరకపోతే ఇవాళ రాత్రే చూడండి. హాల్లో లైట్లన్నీ ఆర్పేసి ఫోన్ టార్చిని నేలకేసి పట్టండి. తర్వాత అదే టార్చిని ఎదుటి గోడ పైభాగానికేసి తిప్పండి. వెలుగు అంతే, ఫోనూ అదే. కానీ రెండోసారి గది ఒక్కసారిగా పెద్దదైనట్టు ఉంటుంది. గోడ చివరలు, మూలలు కనిపిస్తే గది ఎక్కడిదాకా ఉందో కంటికి తెలుస్తుంది. అవి చీకట్లో ఉంటే గది అక్కడికే ఆగిపోయినట్టనిపిస్తుంది. ఇరుకుదనంలో చాలా భాగం ఇదే. అందుకే పగటి వెలుగైనా, దీపం వెలుగైనా గోడ మీదికి చేర్చడం ఎలా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఇక కిటికీ. మీ హాల్లోకి వచ్చే పగటి వెలుగంతా ఆ సందులోంచే రావాలి. నాలుగడుగుల సందులో ఆకాశం కనిపించేది పైన సన్నటి పట్టీలా మాత్రమే. హాల్లో నేలమీద కూర్చుని, కిటికీ దగ్గర్నుంచి ఒక్కో అడుగు వెనక్కి జరుగుతూ ఆకాశం ఎక్కడిదాకా కనిపిస్తోందో చూడండి. ఎక్కడ కనిపించడం ఆగిపోయిందో అక్కడి నుంచి లోపలికి నేరు వెలుగు లేనట్టే. ఆ చోట్లకు వెలుగు గోడల మీద పడి, ఎగిరి రావాల్సిందే. ఈ పరీక్షతో ఇంకో సంగతీ తెలుస్తుంది. ఆకాశం కనిపించేది కిటికీ పైసగంలోంచే. గది లోపలిదాకా వెలుగు పంపేది ఆ పైసగమే. కింది సగం కిటికీ ముందున్న రెండు మూడు అడుగులకు ఉపయోగపడితే గొప్ప.

అందుకే మొట్టమొదట ఆ కూలర్ తీసేయండి. వానలు మొదలయ్యాక గాలిలో తేమ పెరిగి కూలర్ చల్లబరచలేదు. అయినా చాలా ఇళ్లలో అది ఏడాది పొడుగునా కిటికీని మూసేసే ఉంటుంది. ఒక్క కూలర్ తీస్తే మీ హాల్లో వచ్చే తేడా రెండు పూతల రంగుతో కూడా రాదు. వచ్చే మార్చిలో మళ్లీ పెట్టేటప్పుడు కిటికీలోకి ఎక్కించకుండా, కింద స్టాండు మీద దాని నెత్తి కిటికీ సగానికి మించకుండా పెట్టించండి. కింది సగం మూసుకున్నా ఫరవాలేదు, పైసగం ఖాళీగా ఉండాలి.

తర్వాత దోమల మెష్. కొత్త మెష్ కూడా వెలుగును పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఆపుతుంది. రోడ్డు దుమ్ము, చుట్టుపక్కల కట్టడాల సిమెంటు దుమ్ము దాని కన్నాల్లో పేరుకుంటే ఆపేది ఇంకా పెరుగుతుంది. చెక్క ఫ్రేముకు మేకులు కొట్టిన పాత ఇనుప మెష్ అయితే కడగడానికి కూడా వీలుండదు. అది తీయించి, వెల్‌క్రో పట్టీతో అతికే ఫైబర్‌గ్లాస్ మెష్ పెట్టించండి. నెలకోసారి ఊడదీసి సబ్బునీళ్లలో ముంచి ఆరేసి అతికించుకోవచ్చు. రంగు నలుపుగానీ బూడిదగానీ తీసుకోండి. తెల్ల మెష్ మీద వెలుగు పడి అదే మెరుస్తుంది, దాని వెనక బయట ఏముందో మసకబారిపోతుంది.

అద్దాలు చుక్కల గ్లాసో, పాలరంగు గ్లాసో అయి ఉంటాయి. పక్కింటివాళ్లకు కనిపించకుండా పాతిళ్లలో అలాగే వేసేవారు. కింది అద్దాలు అలాగే ఉంచి పైవి మాత్రం సాదా అద్దాలకు మార్చండి. నాలుగైదు ముక్కలే కాబట్టి దగ్గర్లోని గ్లాసు దుకాణంవాళ్లు వచ్చి కొలిచి బిగించి వెళ్తారు. గ్రిల్లుకు ముదురు గోధుమ రంగుంటే తెల్ల ఎనామిల్ కొట్టించండి. ఆ ఊచల పక్కల మీద పడ్డ వెలుగు కూడా లోపలికే వస్తుంది. కిటికీ పైనున్న సన్‌షేడ్ అడుగుభాగం పాచి పట్టి నల్లగా ఉంటే గీకించి, దానికీ బయటి గోడలకు వేసే తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ వేయించండి. కింద సందు బండల మీద పడ్డ వెలుగు పైకి లేచి ఆ సన్‌షేడ్‌కు తగిలి మీ కిటికీలోకి వస్తుంది.

మీ ఇంటి మీద అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపేది మాత్రం మీది కాని ఆ గోడ. కిటికీ ఎదురుగా నాలుగడుగుల దూరంలో ఉన్న పక్కింటి గోడే మీ హాలుకు సగం ఆకాశం. అది సిమెంటు రంగులోనో, వాన మరకలతో నల్లగానో ఉంటే దాని మీద పడ్డ వెలుగును అదే మింగేస్తుంది. పక్కింటివారితో మాట్లాడి, ఖర్చు మాదే అని చెప్పి, మీ కిటికీకి ఎదురుగా పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తున తెల్లరంగు వేయించండి. కిటికీ మట్టం నుంచి పైకి వేస్తే చాలు. ఎనభై చదరపు అడుగులకు ప్రైమర్ లీటరు, ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు లీటర్లు సరిపోతాయి. పాచిని ముందు వైర్ బ్రష్‌తో గీకి, బ్లీచింగ్ నీళ్లతో కడిగి, రెండు మూడు రోజులు బాగా ఎండనిచ్చి వేయాలి. తడి గోడ మీద వేస్తే మొదటి వానాకాలానికే పొరలు పొరలుగా లేస్తుంది. వాళ్ల గోడ ఉచితంగా బాగుపడుతుంది కాబట్టి ఎవరూ పెద్దగా కాదనరు. రెండేళ్లకోసారి పాచి కడిగి ఒక కోటు వేసుకోవాల్సి వస్తుంది, అది ముందే ఒప్పుకోండి.

ఫలితం చూసుకునేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకోండి. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నీడ కాళ్ల కిందే ఉంటుంది. ఆ రెండు తేదీల మధ్య నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ రోజుల్లో మబ్బు లేకపోతే ఎంత ఇరుకు సందులోకైనా మధ్యాహ్నం కాసేపు ఎండ నిలువునా దిగుతుంది. డిసెంబరు చివర్లో మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, సందు తూర్పు పడమరలుగా ఉంటే పైగోడల మీద వెలుగే తప్ప కిందికి ఎండ దిగదు. కాబట్టి లైట్లెన్ని కావాలో మే నెలలో చూసి లెక్క వేసుకోకండి, డిసెంబరును దృష్టిలో పెట్టుకోండి.

బెడ్‌రూం సమస్య వేరు. అక్కడ వెలుగు లేకపోవడం కాదు, ఉన్న వెలుగు పచ్చబారి రావడం. ఆకుపచ్చ షీటు మిగతా రంగుల్ని ఆపేసి ఆకుపచ్చను మాత్రమే ఎక్కువగా వదులుతుంది. దాని కింద ఎంత మంచి రంగు వేసినా గోడ జబ్బు చేసినట్టే ఉంటుంది, మనుషుల ముఖాలూ అంతే. షీట్లన్నీ మార్చక్కర్లేదు. కిటికీకి దగ్గరగా ఉన్న ఒక్క షీటు తీయించి పాలరంగు పాలీకార్బొనేట్ షీటు వేయించండి. పూర్తి పారదర్శకంగా ఉండేది తీసుకుంటే ఏప్రిల్, మే నెలల్లో వాష్ ఏరియా కొలిమిలా కాగుతుంది. పాలరంగుది వెలుగును నలువైపులా పరుస్తుంది, ఎండ నేరుగా గుచ్చదు. ఈ పనిలో పొరపాట్లు జరిగేది నాలుగు చోట్ల. ఒకటి, షీటు మడతల కొలత. పాత షీటు మడతకూ మడతకూ మధ్య దూరం కొలిచి, అదే కొలత ఉన్నది కొనాలి. తేడా ఉంటే పక్క షీటుతో కలవక వాన నీరు కారుతుంది. రెండు, బోల్టు రంధ్రం బోల్టు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దగా ఉండాలి. పాలీకార్బొనేట్ ఎండకు బాగా సాగుతుంది, చోటు లేకపోతే బోల్టు దగ్గర పగుళ్లిస్తుంది. మూడు, వాషర్ వేసి బిగించేటప్పుడు షీటు నొక్కుకుపోయేదాకా బిగించొద్దు. నాలుగు, షీటు ఒక వైపు ఎండను తట్టుకునే పూత ఉంటుంది, ఏ వైపో అతికించిన ఫిల్మ్ మీద రాసి ఉంటుంది. ఆ వైపు పైకి రావాలి. తిరగేసి బిగిస్తే త్వరగా పసుపు తిరిగి పెళుసు బారుతుంది. రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో అడగండి. ఇది ఇంటికి చేసే మార్పు కాబట్టి ఓనర్‌కు ముందే చెప్పండి. తీసిన పాత షీటు పారేయకుండా వారికే అప్పగించండి.

ఇప్పుడు రంగు. తెలుపు వెలుగును పుట్టించదు, వచ్చినదాన్ని తిప్పి పంపుతుంది, అంతే. కానీ ఎంత తిప్పి పంపుతుందన్నది మీలాంటి ఇంట్లో చాలా ముఖ్యం. మీ హాలు లోపలి మూలకు వెలుగు రెండు మూడు గోడలకు తగిలి చేరుతుందని పైన చెప్పుకున్నాం. నూటికి 80 వంతులు తిప్పి పంపే రంగైతే మూడు గోడలు దాటాక 51 వంతులు మిగులుతాయి. 50 వంతులే తిప్పి పంపే రంగైతే మిగిలేది 12 వంతులు. గంధం రంగు, లేత మట్టి రంగు అంటూ వేసే చాలా రంగులు ఆ యాభై దగ్గర్లోనివే, షేడ్ కార్డు మీద అవి లేతగానే కనిపిస్తాయి. ఈ లెక్కను పెయింట్ కంపెనీలు ఎల్‌ఆర్‌వీ అనే అంకెతో చెబుతాయి. డీలర్‌ను ఆ అంకె అడిగి, గోడలకు 75కు తక్కువ కానిది ఎంచుకోండి.

సీలింగ్‌కు అచ్చ తెలుపు మ్యాట్. గోడలకు మాత్రం పసుపు ఛాయో, మీగడ ఛాయో ఇసుమంత ఉన్న ఆఫ్‌వైట్. ఎండ తగలని గదిలో అచ్చ తెలుపు, అందులోనూ నీలం ఛాయ ఉన్న తెలుపు, బూడిద పూసినట్టు కనిపిస్తుంది. చాలామంది తెల్లరంగు వేయించి, ఇల్లు ఇంకా వెలవెలబోయిందని బాధపడేది ఇందుకే. కార్డు చూసి నిర్ణయించకండి. చిన్న శాంపిల్ డబ్బా తెచ్చి రెండడుగుల అట్టముక్క మీద రెండు కోట్లు వేసి, దాన్ని కిటికీ ఎదుటి గోడకు ఒక రోజు, లోపలి మూలకు ఒక రోజు ఆనించి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు కింద చూడండి. మెరుపు విషయానికొస్తే, కొద్దిపాటి నిగారింపు ఉన్న సాఫ్ట్ షీన్ చాలు. బాగా మెరిసే రంగు గోడలోని ప్రతి గతుకునూ చూపిస్తుంది, లైటు ప్రతిబింబం ఒకచోట చుక్కలా మెరిసి కంటికి గుచ్చుకుంటుంది.

అంతకంటే ముందు గోడ ఆరోగ్యం చూడాలి. పాతిళ్ల కింది పోర్షన్లలో నేలలోంచి చెమ్మ రెండు మూడు అడుగుల ఎత్తుదాకా గోడలోకి ఎక్కుతుంది. ఒక అడుగు చదరపు పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అతికించి రెండు రోజులు వదిలేయండి. లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటిబొట్లు కనిపిస్తే చెమ్మ గోడలోనే ఉంది. గది వైపు తడి కనిపిస్తే అది గదిలోని ఆవిరి, కూలర్, బట్టలు ఆరేయడం లాంటి వాటివల్ల. గోడలోనే చెమ్మ ఉంటే ఆ కింది భాగానికి ప్లాస్టిక్ ఎమల్షన్ వేయొద్దు. తేమ బయటికి పోలేక పొర ఉబ్బి, ఉప్పు పూసి, ఆర్నెల్లలో పొట్టులా రాలుతుంది. పైన పీవీసీ ప్యానెల్ అతికించడం ఇంకా చెడ్డ పని. వెనకాల బూజు పెరుగుతున్నా మీకు కనిపించదు, వాసన మాత్రం వస్తుంది. అక్కడ సున్నమే నయం. అది గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది, తెల్లదనంలో దేనికీ తీసిపోదు, ఏటా ఒకసారి కొట్టుకోవచ్చు. చెమ్మను మూలం నుంచి ఆపడం ఓనర్ చేయించాల్సిన పని, అద్దెకున్నవాళ్లు దాని మీద డబ్బు పోయకండి.

గోడ పైభాగాన్ని అరచేత్తో గట్టిగా రుద్ది చూడండి. చేతికి పొడి అంటితే కింద పాత డిస్టెంపరో సున్నమో ఉంది. దాన్ని గీకి, తడిబట్టతో తుడిచి, ఆరాక ప్రైమర్ వేయకపోతే కొత్త రంగు ఆ పొడికి అంటుకుంటుంది తప్ప గోడకు కాదు. పుట్టీ ఇల్లంతా అక్కర్లేదు. పగుళ్లు, మేకుల కన్నాలున్న చోట వేయించి ఇసుక కాగితం పట్టిస్తే చాలు, ఇక్కడే మీకు డబ్బు మిగులుతుంది. లెక్క ఇదీ: హాలు గోడలు తలుపులూ కిటికీ తీసేస్తే సుమారు 360 చదరపు అడుగులు, బెడ్‌రూంవి 320. రెండు పూతలకు లీటరు 60 నుంచి 70 చదరపు అడుగులకు వస్తుంది. అంటే గోడలకు పదకొండు లీటర్లు, రెండు సీలింగులకు కలిపి మూడున్నర, అంటే నాలుగు లీటర్లు తెప్పించండి. ఇరవై లీటర్లు కావాలని ఎవరైనా అంటే ఎందుకో అడగండి. నీళ్లు డబ్బా మీద రాసినంతే కలపమనండి. ఎక్కువ కలిపితే కింది రంగు తొంగి చూస్తుంది, మూడో కోటు మీ ఖర్చే అవుతుంది.

తలుపులు మూడూ ముదురు గోధుమ రంగైతే, ఒక్కోటి 21 చదరపు అడుగుల చీకటి అన్నమాట. ఓనర్ ఒప్పుకుంటే గోడ రంగుకు దగ్గరగా ఉండే ఎనామిల్ వేయించండి. టేకు తలుపు పాలిష్‌తో ఉంటే మాత్రం ముట్టుకోకండి, అది పాడు చేస్తే తిరిగి రాదు. నేల షాబాద్ బండలో, తాండూరు బండలో అయితే మార్చలేం. కిటికీ కింద నాలుగడుగుల వెడల్పున లేతరంగు జంపఖానా పరవండి. కిటికీ వెలుగు మొదట పడేది అక్కడే. అక్కడ లేతగా ఉంటే ఆ వెలుగు సీలింగుకు ఎగురుతుంది.

సామాను గురించి మీరు రాయలేదు, కానీ అద్దె ఇళ్లలో బీరువా ఎప్పుడూ కిటికీ పక్క మూలలో, అడ్డగోడకే ఉంటుంది. మీదీ అలాగే ఉంటే జరపాలి. ఆరున్నర అడుగుల ఎత్తు, ఒకటిన్నర అడుగుకు పైగా లోతు ఉన్న ఆ ఇనుప పెట్టె కిటికీలోంచి ఏటవాలుగా వచ్చే వెలుగును అడ్డుకుని గదిలో పెద్ద నీడ వేస్తుంది. దాన్ని కిటికీ ఉన్న గోడకే, మూలకు జరపండి. కిటికీ ఉన్న గోడకు నేరు వెలుగు ఎలాగూ తగలదు. గదిలో అన్నిటికంటే చీకటి గోడ అదే. ఎత్తైనవి, ముదురువి ఏమున్నా దాని దగ్గరే పెట్టాలి. కిటికీకీ బీరువాకూ మధ్య అడుగున్నర ఖాళీ ఉంచండి. కిటికీకి ఎదురుగా ఉన్న గోడను మాత్రం వీలైనంత ఖాళీగా వదిలేయండి. అక్కడ టీవీ పెడితే రెండు నష్టాలు: వెలిగే గోడ మధ్య నల్ల పలక, పైగా కిటికీ ప్రతిబింబం తెర మీద పడి బొమ్మ కనపడదు. టీవీ పొట్టి గోడకు బాగుంటుంది. గుమ్మంలో నిలబడితే ఎదుటి గోడ నేలను కలిసే చోటు కనిపించాలి. అడుగున ఆరు అంగుళాల కాళ్లున్న సోఫా, దివాన్ అందుకే మంచివి. వాటి కింద పెట్టెలు తోసి ముదురు కవరు కప్పితే ఆ లాభం పోయినట్టే. బెడ్‌రూంలో సజ్జ ఉంటే దాని అడుగుకు తప్పకుండా తెలుపు వేయించండి, సామాను కనపడకుండా కట్టే కర్టెన్ గోడ రంగుదే తీసుకోండి.

కర్టెన్ రాడ్డు కిటికీ చట్రం కంటే ఇరువైపులా ఎనిమిదేసి అంగుళాలు పొడుగ్గా ఉండాలి. పగలు కర్టెన్‌ను పక్కకు లాగినప్పుడు అది గోడ మీద కుప్పగా ఉండాలి, అద్దం మీద కాదు. మామూలుగా రాడ్డు కిటికీ వెడల్పే కొంటారు, దాంతో రెండు వైపులా ఆరారు అంగుళాల కిటికీ ఎప్పటికీ మూతపడే ఉంటుంది. బట్ట పల్చటి కాటన్ చాలు. కింది సగానికి మాత్రమే చిన్న కర్టెన్ వేసి పైసగం ఖాళీ వదిలితే పక్కింటి చూపూ ఉండదు, వెలుగూ తగ్గదు.

అద్దం పెడితే గది పెద్దదవుతుందని అందరూ చెబుతారు. అది అద్దంలో ఏం కనిపిస్తుందన్నదాని మీద ఉంటుంది. బట్టలు వేలాడే కొక్కేలు కనిపిస్తే అవి రెండింతలవుతాయి. కిటికీ ఉన్న గోడకు పక్కగా, అడ్డగోడ మీద, కిటికీకి రెండడుగుల లోపల పెట్టండి. వెలిగే పక్కింటి గోడ, దాని పైన కాస్త ఆకాశం అద్దంలో దొరికితే అదే ఇంకో కిటికీ. రెండడుగులు వెడల్పు, నాలుగడుగులు ఎత్తు, మందం 5 మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్లది అంత పెద్ద కొలతలో వంగి ముఖాలు వంకర చేస్తుంది. చెమ్మ గోడకు నేరుగా అతికిస్తే వెనక పూత తినేసి అంచుల నుంచి నల్ల మచ్చలు వస్తాయి. క్లిప్పులతో, వెనక కాస్త గాలి ఆడేలా బిగించాలి.

రాత్రి లైట్లకు చిన్న లెక్క ఉంది. హాలు 120 చదరపు అడుగులు, అంటే సుమారు 11 చదరపు మీటర్లు. లైటు ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. మామూలు పనులకు చదరపు మీటరుకు 150 ల్యూమెన్లు చాలు, మొత్తం 1,650. గోడల్లో, దుమ్ములో సగం పోతుందనుకుంటే 3,300 కావాలి. ట్యూబ్‌లైటులా పొడుగ్గా ఉండే 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ ఒకటి సుమారు 2,000 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే రెండు. పెట్టె మీద వాట్లు కాదు, ల్యూమెన్లు చూసి కొనండి. రెండింటినీ ఒకే గోడకు బిగించకండి, ఎదురెదురు పొడుగు గోడలకు ఒక్కోటి. ఎత్తు ఏడున్నర అడుగుల దగ్గర, అంటే ఫ్యాను రెక్కల కంటే కిందే. లైటు రెక్కలకు పైన ఉంటే రెక్కల నీడ గదంతా రెపరెపలాడుతుంది. చదివేవాళ్లకు తలనొప్పి రావచ్చు. ఈ సంగతి ఎలక్ట్రీషియన్లు కూడా పట్టించుకోరు, మీరే దగ్గరుండి చూసుకోండి. బ్యాటెన్ ముందు మూడు అంగుళాల దూరంలో నాలుగు అంగుళాల వెడల్పు చెక్క పట్టీ బిగించి తెల్లరంగు వేయిస్తే ఇంకా మంచిది. లైటు కంటికి కనపడదు, వెలుగు గోడ మీద పైకీ కిందికీ పరుచుకుంటుంది. ఫాల్స్ సీలింగ్‌తో మీ పెయింటర్ తేలేని అందం ఇదే, ఖర్చు కొన్ని వందలు. గోడ పగలగొట్టకుండా కేసింగ్ పట్టీలో వైరు లాగించండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు లైట్లు విప్పుకుని తీసుకెళ్లవచ్చు. రెండూ రోజుకు ఆరు గంటలు వెలిగినా నెలకు ఏడున్నర యూనిట్లు దాటదు.

లైటు వెలుగు ఛాయను కెల్విన్లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ పసుపుగా, పెరిగేకొద్దీ నీలంగా ఉంటుంది. హాలుకు, వంటింటికి 4000 కెల్విన్, బెడ్‌రూంకు 3000. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 6500. వెలుగు తక్కువున్న గదిలో అది నీలంగా, ఆసుపత్రి వరండాలా ఉంటుంది, మీగడ ఛాయ గోడను కూడా పాలిపోయేలా చేస్తుంది. ఒకే గదిలో రెండు రకాలు కలపకండి. వస్తువుల రంగుల్ని లైటు ఎంత ఉన్నవున్నట్టు చూపిస్తుందో చెప్పే అంకె సీఆర్‌ఐ, అది 80కి తగ్గకూడదు. కొనే ముందు దుకాణంలోనే వెలిగించి ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి చూడండి. తెర మీద వెలుగు బాగా మిణుకుమంటే అది వద్దు. కోఠిలో ట్రూప్ బజార్ మీకు దగ్గరే, అక్కడ వెలిగించి చూపిస్తారు.

మీ అత్తయ్యగారి గురించి. ఇరవై ఏళ్ల కంటికి సరిపోయే వెలుగుకు రెండు మూడు రెట్లు ఉంటేనే అరవై దాటిన కంటికి అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది. గదంతా అంత వెలిగించక్కర్లేదు. పగలు ఆవిడ కుర్చీని కిటికీకి రెండడుగుల దూరంలో, కిటికీ భుజం పక్కకు వచ్చేలా వేయండి. కిటికీకి ఎదురుగా కూర్చుంటే కళ్లు చెదురుతాయి, వీపు పెడితే ఆవిడ నీడే పేపరు మీద పడుతుంది. రాత్రికి 9 వాట్ల బల్బుతో మెడ వంగే దీపం, భుజం వెనక నుంచి, పేపరుకు రెండడుగుల దూరంలో. ఇవన్నీ చేసేలోపే ఒకసారి కళ్లు పరీక్ష చేయించండి. శుక్లాలు మొదలైతే ఎన్ని లైట్లు పెట్టినా మసకే ఉంటుంది, పైగా లైటు చుట్టూ వలయాలు కనిపిస్తాయి. మెహిదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. బాబు చదువు బల్ల కూడా కిటికీ పక్కనే, కుడిచేత్తో రాస్తే వెలుగు ఎడమ నుంచి రావాలి.

వంటింట్లో ఒక్క మార్పు చాలు. లైటు మీ వెనక గోడకు ఉంటే మీ నీడే కత్తిపీట మీద పడుతుంది, నల్ల గ్రానైట్ మిగిలిన వెలుగును మింగేస్తుంది. గట్టుకు పైన, మీ ముఖానికి ఎదుటి గోడకే రెండడుగుల పొడుగు 10 వాట్ల బ్యాటెన్ బిగించండి. అల్మరా ఉంటే దాని అడుగున, ముందు అంచుకు దగ్గరగా. స్టవ్‌కు నేరుగా పైన వద్దు, నూనె ఆవిరి పట్టి నెలలో జిడ్డు కమ్మేస్తుంది. ఎక్కడ పెట్టినా నెలకోసారి మెయిన్ ఆపి, బాగా పిండిన సబ్బుగుడ్డతో తుడవాలి.

పనుల వరుస ఇలా పెట్టుకోండి. ఈ ఆదివారం కూలర్, బీరువా, కర్టెన్ రాడ్డు, అద్దాలు తుడవడం. తర్వాత వారం అలాగే ఉండి, ఏ మూల ఇంకా చీకటిగా ఉందో గమనించండి. ఆ తర్వాత పక్కింటి గోడ, వాష్ ఏరియా షీటు. లైట్లు రంగుకంటే ముందే బిగించండి. వైరింగుకు వేసే కన్నాలు, పడే మరకలు రంగుతో పోతాయి, శాంపిల్ అట్టను కూడా ఆ లైటు కిందే చూసి ఛాయ తేల్చుకోవచ్చు. రంగు చివరన, గోడలు ఎండి ఉండే నవంబరు తర్వాతో, ఫిబ్రవరి నుంచి మే లోపో. ఇరవై వేలలో పెద్ద వాటా రంగుకూ కూలీకే పోతుంది. డబ్బు చాలకపోతే బెడ్‌రూం గోడలు వచ్చే ఏడాదికి వదిలి, అక్కడ సీలింగ్ ఒక్కటి తెల్లగా వేయించండి.